హార్ట్స్ కంటెంట్: తంతి పెంచిన ఊరు

కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్ దీవిలో, ట్రినిటీ బే ఒడ్డున హార్ట్స్ కంటెంట్ అని ఒక చిన్న ఊరుంది. ఇప్పుడు అక్కడ నాలుగు వందల మంది కూడా ఉండరు. 1866 నుంచి 1965 దాకా, ఒకటి తక్కువ నూరేళ్లు, ఐరోపా నుంచి అట్లాంటిక్ అడుగున వచ్చిన తంతి ఒడ్డెక్కింది ఈ ఊళ్లోనే. రాజుల సందేశాలు, యుద్ధ వార్తలు, పత్తి ధరలు, చావు కబుర్లు, అన్నీ ఇక్కడి గుమస్తాల చేతుల మీదుగా దాటాయి.

నేను తంతి శాఖలో టెలిగ్రాఫిస్టుగా చేరినవాణ్ణి. చుక్కలూ గీతలతో అక్షరాలు పంపే మోర్స్ నేర్చుకున్నాను, తర్వాత టెలిప్రింటర్ల మీద పనిచేశాను, డీటీఓలో, అంటే శాఖ తంతి ఆఫీసులో, రాత్రి డ్యూటీలు చేశాను. మా అమ్మాయి ఆ దీవిలోని పెద్ద ఊరు సెయింట్ జాన్స్‌లో ఉంటుంది. తన దగ్గరికి వెళ్లినప్పుడు నేను అడిగిన మొదటి సంగతి ఈ ఊరికి దారి ఎటు అని. కారులో గంటన్నర ప్రయాణం. ఊళ్లో పాత కేబుల్ స్టేషన్‌ని మ్యూజియంగా కాపాడుతున్నారు. అక్కడ చూసినవీ, ముందునుంచి చదివి పెట్టుకున్నవీ కలిపి రాస్తున్నాను. అట్లాంటిక్ కేబుల్ గురించి రాసేవాళ్లు ఓడ గురించి, పెట్టుబడి పెట్టినవాళ్ల గురించి, శాస్త్రవేత్తల గురించి చాలా రాశారు. డ్యూటీలో కూర్చున్నవాళ్ల గురించి తక్కువ రాశారు. నాకు కావలసింది వాళ్ల సంగతి.

ముందు కాస్త వెనక్కి వెళ్లాలి. కేబుల్ లేని రోజుల్లో ఐరోపా వార్త అమెరికా చేరాలంటే స్టీమరే గతి. ఎంత వేగంగా వచ్చినా పది పన్నెండు రోజులు. న్యూఫౌండ్‌లాండ్ దక్షిణ కొసన కేప్ రేస్ దగ్గర అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు ఒక పడవ పెట్టుకున్నారు. దాటిపోయే స్టీమర్ వాళ్లు వార్తల కట్టని నీళ్లు చొరబడని డబ్బాలో పెట్టి సముద్రంలోకి విసిరితే, పడవవాళ్లు అందుకుని ఒడ్డుకు తెచ్చి తంతి కొట్టేవాళ్లు. ఓడ న్యూయార్క్ చేరేలోపే వార్త చేరేది. రోజుల తేడా కోసమే అంత పాటు పడ్డారంటే, గంటల్లో కబురు అందితే ఎంత విలువో వాళ్లకి తెలుసు.

దీవి మీద తంతి వేయడం మొదలుపెట్టింది ఫ్రెడరిక్ గిస్‌బోర్న్ అనే ఇంజినీరు. సెయింట్ జాన్స్ నుంచి పడమటి కొసన కేప్ రే దాకా సుమారు 400 మైళ్లు, అడవులు, బురద నేలలు. డబ్బు చాలక 1853లో దివాలా తీశాడు. ఆ పని న్యూయార్క్ కాగితం వ్యాపారి సైరస్ ఫీల్డ్ అందుకున్నాడు. 1854లో ఫీల్డ్ కంపెనీకి న్యూఫౌండ్‌లాండ్ ప్రభుత్వం ఒక హక్కు రాసిచ్చింది: యాభై ఏళ్ల పాటు ఈ దీవి ఒడ్డున ఇంకెవరూ తంతి కేబుల్ దించకూడదు. ఈ యాభై ఏళ్ల మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1858లో మొదటి కేబుల్ వేశారు. అది హార్ట్స్ కంటెంట్‌కి రాలేదు, అదే అఖాతం లోపలి కొసన ఉన్న బుల్ ఆర్మ్‌కి వచ్చింది. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కి పంపిన 98 మాటల సందేశం దాటడానికి 16 గంటలు పట్టింది. కేబుల్ మూడు నాలుగు వారాల్లో మూగబోయింది. కానీ ఆ కొద్ది రోజుల్లో వెళ్లిన ఒక కబురు మన దేశంతో ముడిపడినది. సిపాయిల తిరుగుబాటు అణచడానికి కెనడాలో ఉన్న 39వ, 62వ రెజిమెంట్లని వెనక్కి రమ్మని లండన్ అంతకుముందే ఓడ ద్వారా ఉత్తరువు పంపింది. తీరా ఇండియాలో తిరుగుబాటు సద్దుమణుగుతోందని తేలాక, ఆగస్టు 31న కేబుల్ మీద ఆ ఉత్తరువు రద్దు చేశారు. సైన్యం కదలకుండా ఆగింది. దాంతో బ్రిటిష్ ప్రభుత్వానికి 50,000 పౌండ్లు మిగిలాయని లెక్క కట్టారు. మన తాతల నెత్తురు పారిన చోటి సంగతి ఆ తంతికి ఖర్చుల లెక్కగా పనికొచ్చింది. అది చదివినప్పుడు చాలాసేపు మనసు పాడైంది.

ఆ కేబుల్ ఎందుకు చచ్చిపోయిందో నాలాంటివాడికి బాగా అర్థమవుతుంది. భూమి మీద స్తంభాల మీంచి వెళ్లే తీగలో మీట నొక్కగానే అవతల టక్కుమంటుంది. సముద్రం అడుగున తీగ చుట్టూ గట్టా పెర్చా (రబ్బరులాంటి చెట్టు జిగురు) తొడుగు, దాని చుట్టూ ఉప్పునీరు. తీగ కరెంటుని తనలో దాచుకుని మెల్లగా వదులుతుంది. ఇక్కడ పదునుగా నొక్కిన చుక్క అవతలికి చేరేసరికి తడిగుడ్డ మీద సిరా బొట్టులా పరుచుకుపోతుంది. తొందరపడి నొక్కితే ఒక చుక్క ఇంకో చుక్కలో కలిసిపోతుంది. కేబుల్ పొడవు రెట్టింపైతే ఈ ఆలస్యం నాలుగు రెట్లవుతుందని విలియం థామ్సన్ ముందే లెక్క కట్టి చెప్పాడు. తర్వాత లార్డ్ కెల్విన్ అయింది ఈయనే. కంపెనీ ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్ ఒప్పుకోలేదు. ఆయన వృత్తిరీత్యా సర్జన్. సిగ్నల్ సరిగ్గా రాకపోతే ఇంకా గట్టిగా తోయాలన్నది ఆయన పద్ధతి. పెద్ద ఇండక్షన్ కాయిల్స్ పెట్టి సుమారు 2,000 వోల్టులు ఎక్కించాడు. అసలే అంతంతమాత్రంగా ఉన్న తొడుగు తట్టుకోలేకపోయింది.

లైన్ బాగాలేనప్పుడు గట్టిగా కొట్టకు, నిదానంగా కొట్టు అని నాకు పని నేర్పిన సీనియర్ చెప్పేవారు. ఆయనకి థామ్సన్ సిద్ధాంతం తెలియకపోవచ్చు, చేతికి తెలుసు.

తర్వాతి కేబుల్‌కి పాత పొరపాట్లన్నీ సరిదిద్దారు. నాటికల్ మైలుకి 107 పౌన్లు ఉన్న రాగి 300 పౌన్లయింది, గట్టా పెర్చా 261 నుంచి 400 పౌన్లకి పెరిగింది. ఇంత బరువు మోసే ఓడ ప్రపంచంలో ఒక్కటే ఉంది, 692 అడుగుల గ్రేట్ ఈస్టర్న్. ప్రయాణికుల కోసం కట్టి, ఆ వ్యాపారంలో నష్టపోయిన ఓడ. దాన్ని నిలబెట్టడానికి లోతైన, గాలి తగలని రేవు కావాలి. హార్ట్స్ కంటెంట్ రేవు అలాంటిది. అంతకుముందు ఆ ఊరికి తెలిసింది కాడ్ చేపలు పట్టడం, ఎండబెట్టడం, అమ్మడం.

1865లో మొదటి ప్రయత్నం. ఆగస్టు 2న, 1,200 మైళ్లు వేశాక, నడిసముద్రంలో కేబుల్ తెగి రెండు మైళ్లకు పైగా లోతులో పడిపోయింది. కొక్కేలు వేసి వెతికారు, తగిలింది కానీ పైకి రాలేదు. మరుసటి ఏడు కొత్త కేబుల్‌తో ఐర్లండ్‌లోని వాలెన్షియా దీవి నుంచి జులై 13న బయల్దేరి, జులై 27 ఉదయం గ్రేట్ ఈస్టర్న్ హార్ట్స్ కంటెంట్ రేవులోకి వచ్చింది. కేబుల్ ఒడ్డెక్కింది, ఐర్లండ్‌తో మాట కలిసింది. చిత్రమేమిటంటే ఆ వార్త న్యూయార్క్‌కి మాత్రం 29న గానీ చేరలేదు. న్యూఫౌండ్‌లాండ్‌కీ పక్కనున్న కేప్ బ్రెటన్ దీవికీ మధ్య ఉన్న చిన్న కేబుల్ అప్పటికి తెగి ఉంది. మహాసముద్రం దాటిన కబురు పక్కనున్న జలసంధి దగ్గర ఆగి పడవెక్కింది.

అంతటితో ఆగలేదు. గ్రేట్ ఈస్టర్న్ వెనక్కి వెళ్లి ముందటేడు తెగిన కేబుల్ కోసం మళ్లీ కొక్కేలు వేసింది. ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఉంది. కేబుల్ తెగిన నాటి నుంచీ వాలెన్షియాలో ఆ తెగిన తీగ కొసన రాత్రింబగళ్లు ఎవరో ఒకరు డ్యూటీలో కూర్చునే ఉన్నారు. చీకటి గది, రవ్వంత కరెంటునైనా పట్టే గాల్వనోమీటర్, దాని స్కేలు మీద ఒక వెలుగు చుక్క. అది కదలదు. షిఫ్ట్ మారుతుంది, ఇంకొకరు కూర్చుంటారు, అప్పుడూ కదలదు. ఏడాది గడిచింది. 1866 సెప్టెంబరు 2 తెల్లవారుజామున ఆ చుక్క కదిలింది. ఓడ మీద కేబుల్ కొసని పట్టుకుని సందేశం పంపుతున్నారు. ఖాళీ లైన్ మీద రాత్రి డ్యూటీ అంటే ఏమిటో చేసినవాళ్లకి తెలుస్తుంది. ఏడాది పాటు చప్పుడు లేని లైన్‌ని వదలకుండా చూసినవాళ్లకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. సెప్టెంబరు 8న ఆ రెండో కేబుల్ కూడా హార్ట్స్ కంటెంట్‌కి చేరింది.

రెండు కేబుళ్లూ వచ్చాక లాటిమర్ క్లార్క్ అనే ఇంజినీరు వాలెన్షియాలో ఒక పరీక్ష చేశాడు. హార్ట్స్ కంటెంట్‌లో రెండు కొసలూ కలిపి ఉంచమని చెప్పి, బట్టలు కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే వెండి తొడుగులో కాస్త యాసిడ్ పోసి, చిన్న జింకు ముక్క వేసి, ఆ బ్యాటరీతో సిగ్నల్ పంపాడు. అది సముద్రం దాటి, మళ్లీ దాటి వెనక్కి వచ్చింది. 2,000 వోల్టులతో కానిది వేలి తొడుగుతో అయింది.

ఇక ఊరి సంగతి. కంపెనీ మొదట్లో పని తెలిసిన కుర్రాళ్లని అవతలి ఒడ్డు నుంచి తెచ్చుకుంది. వాళ్ల కోసం ఇళ్లు కట్టింది. ఊరంతా చెక్క ఇళ్లు ఉన్నచోట 1875-76లో ఇటుకలతో స్టేషన్ కట్టింది. ఆ ఎర్ర భవనమే ఇప్పటి మ్యూజియం. దీని ఎదురుగా రోడ్డు దాటితే సముద్రం.

ఊరు రెండుగా బతికింది. న్యూఫౌండ్‌లాండ్ బెస్తవాళ్ల చేతికి అప్పట్లో డబ్బు పెద్దగా వచ్చేది కాదు. వర్తకుడు వసంతంలో పిండి, బెల్లపు పాకం, వలలు అప్పు ఇచ్చేవాడు. ఎండాకాలం చివర ఆ లెక్కకి చేపలు జమ చేసుకునేవాడు. చేపకి ధర కట్టేదీ వర్తకుడే, సరుకుకి ధర కట్టేదీ వర్తకుడే. మన కోస్తాలో షావుకారుకి చేపలు పోసేవాళ్లకి ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. అలాంటి ఊళ్లో నెల తిరిగేసరికి నగదు జీతం అందుకునే గుమస్తాలు వచ్చి కూర్చున్నారు. కాలక్రమంలో ఊరి పిల్లలు కూడా స్టేషన్‌లో చేరారు, పని నేర్చుకున్నారు. తండ్రి పడవ మీద, కొడుకు కేబుల్ మీద. ఒక తరం తర్వాత చేపల మీద మాత్రమే ఆధారపడిన పక్క ఊళ్లకీ దీనికీ తేడా వచ్చేసింది.

వాళ్లు చేసిన పని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది నేను చేసిన పని లాంటిదే కానీ అదే కాదు. మాకు చుక్క అంటే పొట్టి చప్పుడు, గీత అంటే పొడుగు చప్పుడు. సముద్ర కేబుల్ మీద పొడుగు పొట్టి తేడా నిలవదు. అందుకని చుక్కకి ఒక దిక్కు కరెంటు, గీతకి దానికి ఎదురు దిక్కు కరెంటు. రెండూ ఒకే నిడివి. కాబట్టి కీకి ఒక మీట కాదు, పక్కపక్కనే రెండు మీటలు. అవతలి కొసన థామ్సన్ తయారుచేసిన గాల్వనోమీటర్. పట్టుదారానికి వేలాడే గోరంత అద్దం, దాని వెనక అతికించిన చిన్న అయస్కాంతాలు. కరెంటు వస్తే అద్దం రవ్వంత తిరుగుతుంది, దాని మీద పడిన దీపం వెలుగు స్కేలు మీద ఎడమకో కుడికో జరుగుతుంది. ఎడమా కుడీ చూస్తూ అక్షరం కట్టాలి. కన్ను తిప్పితే అక్షరం పోతుంది. అందుకని ఒకరు చూసి పైకి చదివేవాళ్లు, ఇంకొకరు రాసేవాళ్లు. చీకటి గదిలో గంటల తరబడి అది చేసినవాళ్ల కళ్లు ఏమై ఉంటాయో అనిపించింది.

తర్వాత సైఫన్ రికార్డర్ వచ్చింది, అదీ థామ్సన్‌దే. వెంట్రుకలాంటి గాజు గొట్టం కదిలే కాగితపు పట్టీ మీద సిరాతో అల గీస్తుంది. పైకి లేస్తే చుక్క, కిందికి దిగితే గీత. ఇంగ్లీషు అక్షరం ‘ఏ’ అంటే ఒక గుట్ట, వెంటనే ఒక గుంట. ఎన్ అంటే ముందు గుంట, తర్వాత గుట్ట. మ్యూజియంలో ఆ పట్టీని చూడగానే మా అమ్మాయి “నాన్నా, ఇది నువ్వు చదవగలవా?” అని అడిగింది. మొదట కన్ను తడబడింది, తర్వాత అక్షరాలు ఒక్కొక్కటే విడివడ్డాయి. చప్పుడుగా తెలిసిన అక్షరాలు బొమ్మగా కనపడటం వింతగా ఉంది. పక్కనే రెండు మీటల కీ ఉంది. మ్యూజియం అమ్మాయి నేనెవరో తెలుసుకుని నొక్కి చూడమంది. కుడి మీట మీద వేలు పెడితే నా చెయ్యి గీతని సాగదీస్తూనే ఉంది. సాగదీయక్కర్లేదని మెదడుకి తెలిసినా మణికట్టుకి అలవాటు పోలేదు.

హార్ట్స్ కంటెంట్ గుమస్తా చేరిన మాటని రాసుకుని ఊరుకోడు. దాన్ని భూమి మీది లైన్ ఎక్కించి కేప్ బ్రెటన్ మీదుగా న్యూయార్క్‌కి కొట్టాలి. అటునుంచి వచ్చింది కేబుల్ మీదకి ఎక్కించాలి. ధర కూడా మామూలుది కాదు. 1866లో కనీస ఛార్జీ 20 మాటలకి 20 పౌండ్లు, ఆ ఏడే దాన్ని సగానికి తగ్గించారు. అంత ఖరీదు కాబట్టి వ్యాపారులు కోడ్ మాటలు వాడేవాళ్లు. ఒక్క మాటలో ఒక వాక్యం దాగి ఉంటుంది. గుమస్తాకి మాత్రం అది అర్థం లేని అక్షరాల వరస. మామూలు మాటైతే ఒక అక్షరం సందేహంగా ఉన్నా ముందు వెనకలు చూసి పట్టుకోవచ్చు, కోడ్‌లో ఆ వీలు లేదు. మా కాలంలో కూడా కోడ్ టెలిగ్రాం వస్తే టెన్షనే. ఒక్క అక్షరం తప్పితే కొనమన్నది అమ్మమన్నట్టు అయిపోవచ్చు.

ఇదే తీగ మీద 1866లో బెంజమిన్ గౌల్డ్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఐరోపా, అమెరికాల రేఖాంశాల తేడా కొలిచాడు. ఓడల్లో గడియారాలు మోసుకెళ్లి కొలిచే పాత పద్ధతి కన్నా ఇది ఎంతో కచ్చితం. న్యూఫౌండ్‌లాండ్ సమయం కూడా మన సమయం లాగే గ్రీన్‌విచ్‌కి అరగంట బేసిగా ఉంటుంది. డ్యూటీ పుస్తకంలో టైము రాసిన అలవాటున్నవాడికి ఇలాంటివి కంట పడతాయి.

యాభై ఏళ్ల హక్కు దగ్గరికి వద్దాం. దాని వల్లే ఇతర కంపెనీల కేబుళ్లు నోవా స్కోషియాకో, ఫ్రెంచి దీవి సెయింట్ పియెర్‌కో పోవాల్సొచ్చింది. ఆ హక్కు చేతికొచ్చిన ఆంగ్లో-అమెరికన్ టెలిగ్రాఫ్ కంపెనీవి మాత్రం 1873లో, 1874లో, ఆ తర్వాత కూడా హార్ట్స్ కంటెంట్‌కే వచ్చాయి. 1901 డిసెంబరులో మార్కోనీ సెయింట్ జాన్స్‌లోని సిగ్నల్ హిల్ మీద గాలిపటానికి తీగ కట్టి ఇంగ్లండు నుంచి వచ్చిన వైర్‌లెస్ సిగ్నల్ విన్నానని ప్రకటించాడు. నాలుగు రోజులు తిరక్కుండానే కంపెనీ లాయర్ల నోటీసు వచ్చింది, ఇక్కడ తంతి హక్కు మాది, ఆపకపోతే కోర్టుకి వెళతామని. మార్కోనీ సామాను సర్దుకుని కేప్ బ్రెటన్ వెళ్లిపోయాడు. కంపెనీ భయం ఆధారం లేనిది కాదు. కానీ దీవిని వదిలి పొమ్మన్నంత మాత్రాన వైర్‌లెస్ ఆగదు కదా. 1904లో ఆ హక్కు గడువు తీరింది, తర్వాత వేరే ఊళ్లకీ కేబుళ్లు వచ్చాయి.

స్టేషన్‌ని ఆఖరికి దెబ్బతీసింది మాత్రం వైర్‌లెస్ కాదు, ఇంకో కేబులే. ముందు యంత్రాలు వచ్చాయి. బలహీనపడ్డ సిగ్నల్‌ని తామే సరిచేసి ముందుకు పంపే యంత్రాలు. మనిషి చదివి మళ్లీ కొట్టే పని వాటితో తగ్గిపోయింది. 1956లో స్కాట్లండ్‌లోని ఓబన్ నుంచి మొదటి అట్లాంటిక్ టెలిఫోన్ కేబుల్ వచ్చింది. అది దిగింది ఎక్కడో కాదు, అదే ట్రినిటీ బే వైపున్న క్లారెన్‌విల్‌లో. ఒకేసారి 36 సంభాషణలు. అందులో ఒక్క మాటల దారిలో ఇరవైకి పైగా తంతి దారులు పట్టేస్తాయి. 1965లో హార్ట్స్ కంటెంట్ స్టేషన్ మూతపడింది. మరుసటేడు వాలెన్షియా కూడా.

మన దగ్గర 2013 జులైలో టెలిగ్రాం ఆపేసినప్పుడు చివరి టెలిగ్రాం ఇవ్వడానికి జనం వరస కట్టారు, టీవీల వాళ్లు వచ్చారు. అప్పటికి పదేళ్ల ముందే మా ఆఫీసులో సౌండర్ల (మోర్స్‌ని టక్కుటక్కుమని వినిపించే పరికరాల) బల్లలు తీసేశారు, ఎవరూ రాలేదు. పని అసలు ఎప్పుడు ఆగిందో లోపలివాళ్లకే తెలుస్తుంది. హార్ట్స్ కంటెంట్‌లో ఒక మంచి పని జరిగింది. పరికరాలని తుక్కు కింద అమ్మేయలేదు. పాత ఆపరేటింగ్ గది, అందులోని బల్లలు, యంత్రాలు చాలావరకు ఉన్నచోటే ఉన్నాయి. 2017లో కెనడా ఈ స్టేషన్‌ని యునెస్కో గుర్తింపు కోసం తన ముందస్తు జాబితాలో చేర్చింది, వాలెన్షియాకి జోడీగా. ఆ గుర్తింపు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. వస్తే ఆ ఫలకం మీద ఫీల్డ్ పేరు, కెల్విన్ పేరు ఎలాగూ ఉంటాయి. షిఫ్టుల్లో కూర్చున్నవాళ్ల పేర్లు కూడా ఒక గోడ మీద రాయించాలి. కంపెనీ జీతాల పుస్తకాలు దొరికినంత మేరకు ఆ పని చేయవచ్చు.

అటు వెళ్లే మనవాళ్లు ఉంటే ఒక మాట. మ్యూజియం వేసవిలోనే తెరుస్తారు, ముందు కనుక్కుని వెళ్లండి. లోపల చూశాక రోడ్డు దాటి ఒడ్డుకు దిగండి. రాళ్ల మధ్య పాత కేబుల్ కొసలు ఇంకా ఉన్నాయి. ఇనుప తీగలు తుప్పుపట్టి విడిపోతున్నాయి, చేత్తో ముట్టుకోవచ్చు. స్టేషన్‌లో ఉన్న ముక్క దగ్గర నిలబడి రాగి తీగలు లెక్కపెట్టండి. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు.